నల్లబడని రసం

గౌడవెల్లిలో పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు మూడు రోజులు ఆలస్యంగా అందింది. శామీర్‌పేట దగ్గరి మా ప్రయోగశాలలో చెరకు గెడలు పిండి రసం తీసే మనిషి ఆమె; మేమంతా పెద్దమ్మ అనే పిలిచేవాళ్లం. ఆ రసం మీద మేమంతా పట్టాలూ పదోన్నతులూ పొందాం. ఆమెకు దక్కింది దస్త్రంలో ఒక్క వాక్యం: పనిమనిషి తప్పు దాచడం వల్ల ప్రయోగం చెడిందని. ఆ వాక్యం అబద్ధం. అబద్ధమని తెలిసీ నోరు మెదపనివాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే ఈ స్మృతిని శాంతంగా రాయడం నాకు చేతకావడం లేదు.

తొంభైల చివరి సంవత్సరాలవి. చెరకు రసానికి గాలి తగిలితే నల్లబడుతుంది. గెడలోని ఒక ఎంజైమ్ చేసే పని అది. దాన్ని తయారుచేసే జన్యువును అణచివేస్తే రసం తేటగా నిలుస్తుందనీ, పంచదార రంగు తేలికవుతుందనీ, మిల్లుల్లో తెల్లబరచడానికి వాడే మందులు తగ్గుతాయనీ మా ఆశ. ఇదంతా వివరించబోతే పెద్దమ్మ మధ్యలోనే ఆపింది.

"వంకాయ కోసి పెడితె నల్లబడ్తది, గదే గదా బిడ్డా? గింత ముచ్చటకు గంత పెద్ద బిల్డింగా?"

అందరినీ సారు, మేడం అనేది. నన్ను మాత్రం బిడ్డా అనేది. పొద్దున్నే మేడ్చల్ దాకా నడిచి, బస్సు పట్టుకుని, మాకంటే ముందే వచ్చేది. మార్పు చేసిన గెడ ఒక్కటీ ఆవరణ దాటకూడదన్నది నిబంధన. పిప్పిని సైతం కాల్చేసేవాళ్లం. "ఇంత సక్కగ పెంచుడెందుకు, కాలవెట్టుడెందుకు? మీ సదువులు మీకే తెల్వాలె" అని నవ్వేది. రసం రంగు దగ్గర నేను తటపటాయిస్తే, "కండ్లకు కనబడ్డదే రాయి బిడ్డా, మనసుల అనుకున్నది రాయకు" అనేది. పరిశోధన గురించి నాకెవరూ ఇంతకంటే మంచి మాట చెప్పలేదు.

ఒక సీజనంతా మామూలు గెడల రసం నల్లబడుతున్నా, మార్పు చేసిన గెడల రసం తేటగానే నిలిచింది. మా పెద్ద సారు మిఠాయి పంచి, నివేదిక పంపించారు. మరుసటి వారం పెద్దమ్మ నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"బిడ్డా, ఒక మాట. మిషన్ రోలర్లు తుప్పు పడ్తున్నయని నేను రోజు పొద్దుగాల చింతపండు వెట్టి తోముతున్న. ఇంట్ల ఇత్తడి గిన్నెలు తోమినట్టు. వంకాయ ముక్కలు చింతపండు నీళ్లల్లేస్తె నల్లబడయి. గీ రసం గూడ గట్లనే అయితాందేమో."

ప్రతిరోజూ మార్పు చేసిన గెడలనే ముందు పిండేవాళ్లం. రోలర్ల గాట్లలో మిగిలిన పులుపంతా వాటి రసంలోకే దిగేది. ఆ వరుస నిర్ణయించింది నేను. ఏనాడూ దాన్ని మార్చి చూడనిదీ నేనే. మరునాడు రోలర్లను ఉత్త నీళ్లతో కడిగి రెండు రకాల గెడలూ పిండాం. కాసేపటికే రెండు గ్లాసులూ ఒకే నలుపు.

ఆమె మాటలను తేదీ వేసి నా నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఇద్దరం వెళ్లి పెద్ద సారుకు చెప్పాం. "ఈ సంగతి ఈ గది దాటకూడదు" అన్నారాయన. నా ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. తలాడించి బయటికి వచ్చాను.

తరువాతి సీజన్‌లో వేరే ప్రయోగశాలలవాళ్లు చేసి చూస్తే మా ఫలితం ఎక్కడా రాలేదు. ప్రశ్నలు వచ్చాయి. విచారణలో పెద్ద సారు, చింతపండు సంగతిని పనిమనిషి దాచిపెట్టిందని చెప్పారు. పెద్దమ్మ నావైపు తిరిగింది.

"మేడం చెప్తది, నేను ముందే చెప్పిన్నో లేదో."

ఆమె నన్ను మేడం అనడం అదే మొదటిసారి. నోటుపుస్తకం నా ఒళ్లోనే ఉంది. తెరవలేదు. మరుసటి రోజు నుంచి ఆమెను రావద్దన్నారు.

ఇప్పుడు రాస్తున్నాను. మా జన్యు మార్పు రసం రంగును మార్చలేదు, చింతపండు మార్చింది. ఆ పొరపాటును కనిపెట్టింది పెద్దమ్మ. తనంతట తానే బయటపెట్టిందీ ఆమే. దాచింది మేము. అక్షరజ్ఞానం లేని మనిషి మీదికి తప్పు నెట్టి, ఆమెకు జవాబు రాయడం రాదన్న ధైర్యంతో బతికిన చదువుకున్నవాళ్లం మేము.

మొన్న గౌడవెల్లి వెళ్లి ఇదంతా ఆమె కూతురికి చెప్పాను. ఆమె నన్ను కూర్చోమనలేదు.

"ల్యాబుల తప్పుజేసి ఎల్లగొట్టిచ్చుకున్నదని ఊరంత అన్నరు. మా అమ్మ మాత్రం, మా మేడమే వచ్చి చెప్తది తియ్యుండ్రి అనేది. ఏండ్లకేండ్లు గట్లనే అనుకుంట పాయె. గీ మాట ఆమె బతికున్నప్పుడు ఎందుకు చెప్పలే?"

ఆమె బకెట్లోని తల్లి చీరను రెండు చేతులా పిండి, దండెం మీద ఆరేసి లోపలికి వెళ్లిపోయింది. కొంగు అంచు నుంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా కారుతూ, నా చెప్పుల ముందున్న పొడి నేలను తడుపుతూనే ఉన్నాయి.