మనవాళ్లకి రెండు గీతలు ఎక్కువ

గాలి విషయంలో ఆయనకు ఎదురుచెప్పినవాడు ఆ వీధిలో లేడు. ఎవడైనా చెప్పినా, మళ్లీ వచ్చేవాడు కాదు, టైరు దొర్లించుకుంటూ పక్కవీధికి పోయేవాడు. టైర్ల షాపు తెరిచినప్పటి నుంచీ అందరూ ఆయన్ని గాలిగారు అనే పిలిచారు. అందులో గౌరవమెంతో, వెటకారమెంతో ఆయన ఏనాడూ కొలవలేదు. అసలు కొలతలంటేనే ఆయనకు చిన్నచూపు. టైరు మీద అరచేత్తో ఒక్కటి చరిచి, చెవి ఒగ్గి, "ఇంకాస్త పడుతుంది" అనేవాడు. వాల్వు దగ్గర గాలి పోతోందేమో చూడాలంటే వేలికి ఉమ్మి తడి చేసి అంటించేవాడు. మీటరు కూడా ఉండేది. వచ్చినవాళ్ల తృప్తి కోసం దాన్ని గోడకు వేలాడదీశాడు.

ముక్కూ మొహం తెలియనివాడికి ఎంతుండాలో అంతే కొట్టేవాడు. కావలసినవాడైతే రెండు పాయింట్లు ఎక్కువ. "దారిలో కాస్త దిగినా ఇబ్బందుండదు, తీసుకెళ్లు" అని వీపు తట్టేవాడు. ఎవరు ఆయనకు ఎంత దగ్గరో టైర్లను చూసి చెప్పొచ్చు. బావమరిది బండికైతే ఏకంగా నాలుగు. ఆ అభిమానాన్ని ప్రతి గతుకులోనూ తలుచుకుని బావమరిది నడుం పట్టుకునేవాడు.

ఇలాంటి మనిషి కూతురు పోయిపోయి గురిపోటీల్లో చేరింది. ఇంటికి ఎయిర్ రైఫిల్ వచ్చింది. మందుగుండు లేదు, గాలి తోస్తేనే గుండు కదులుతుంది. బారెల్ కిందుండే సిలిండర్లో గాలి నింపడానికి చేత్తో పట్టుకెళ్లేంత చిన్న కంప్రెసర్ కూడా వచ్చింది. గాలిగారు దాని చుట్టూ ఒకసారి తిరిగి పెదవి విరిచాడు.

"షాపులో అంత మిషన్ పెట్టుకుని ఈ బొమ్మెందుకే?"

"మన మిషన్ దీనికి చాలదు నాన్నా. కారు టైరులో గాలికి ఇది వందరెట్లు."

"గాలి గాలేనే పిచ్చిదానా."

పిల్ల ఓపిగ్గా కూర్చుని చెప్పింది. ముందు రైఫిల్లో గుండు లేదని చూసుకోవాలి. కళ్లకు అద్దాలుండాలి. మెల్లగా నింపాలి, మిషన్ వేడెక్కితే ఆపి చల్లారనివ్వాలి, లోపల చేరిన నీటిని వదిలెయ్యాలి. సిలిండర్ మీద ఎంత రాసుంటే అంతే, రైఫిల్ మీటర్లో ముల్లు ఎర్రగీత దాటకూడదు. పైపులో మిగిలిన గాలి పూర్తిగా వదిలాకే పైపు ఊడదియ్యాలి. నూనె మాత్రం ఒక్క చుక్క కూడా ఎక్కడా తగలకూడదు.

"పసిబిడ్డకు పాలు పట్టడానికి కూడా ఇన్ని షరతులు లేవే" అన్నాడాయన. ఆ మాటతో మిషన్ ఆయన చేతికి అందకుండా పోయింది. పిల్ల తనే నింపుకునేది, తలుపేసుకుని మరీ.

ఇది ఆయన్ని లోలోపల తినేసింది. ఊళ్లో ఉన్న బళ్లన్నిటికీ గాలి కొట్టినవాడు, సొంత కూతురికి పరాయివాడయ్యాడు. "దానికి నా మీద నమ్మకం లేదు" అని భార్య దగ్గర మొత్తుకున్నాడు. ఆవిడ కూరగాయలు తరుగుతూ, "నమ్మకం లేనిది నీమీద కాదయ్యా, నీ అరచేతి మీద" అంది.

పోటీ రోజు వచ్చింది. ముందురోజే పిల్ల గీత వరకు నింపి, రైఫిల్ని పెట్టెలో సర్దేసుకుంది. పొద్దున్నే తను స్నానానికి వెళ్లింది. అంతే, గాలిగారు పెట్టె తెరిచాడు. కన్నకూతురు పోటీకి వెళుతుంటే, ముక్కూ మొహం తెలియనివాడికి కొట్టినంత గాలితోనే పంపడమా? కంప్రెసర్ పైపు తగిలించబోతే బిగుసుకుపోయినట్టనిపించి మూతి దగ్గర మిషన్ నూనె ఒక చుక్క వేశాడు. కళ్లద్దాలు పక్కనే ఉన్నాయి, చదువుకోవడానికి కాదుగదా అని వదిలేశాడు. కంప్రెసర్ పిల్ల పెట్టిన అంకె దగ్గర బుద్ధిగా ఆగిపోయింది. యంత్రానికి ఆయనకంటే ఎక్కువ జ్ఞానం ఉండడం ఆయనకు నచ్చలేదు. అంకె పెంచి మళ్లీ నొక్కాడు. ముల్లు ఎర్రగీత దాటి రెండు గీతలు ఎక్కాక తృప్తిగా నిట్టూర్చి, పెట్టె మూసేశాడు.

పోటీ హాల్లో ఆయన ఇస్త్రీ చొక్కాలో వెలిగిపోయాడు. అటు బావమరిదికీ ఇటు పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని ఆవిడకీ, "ఇవాళ మా అమ్మాయికి గాలి నేనే కొట్టానండీ, రెండు గీతలు ఎక్కువే" అని చెప్పుకున్నాడు. బావమరిది అప్రయత్నంగా నడుం సవరించుకున్నాడు.

రైఫిళ్లు తనిఖీ చేసే బల్ల దగ్గర సందడి ఆగింది. అక్కడి ఇన్‌స్పెక్టర్ మీటరు చూసి, పైపు తగిలించే చోట వేలితో రాసి, వాసన చూశాడు. అందర్నీ వెనక్కి జరగమన్నాడు.

"ఎవరమ్మా దీన్ని నింపింది?"

పిల్ల మీటరు చూసింది. తర్వాత తల తిప్పి తండ్రిని చూసింది.

"నేనే సార్" అంది.

"తెలిసి కూడా గీత దాటించావంటే ఇంటికెళ్లాల్సిందే. నీకు తెలియకుండా ఇంకెవరైనా ముట్టుకుని ఉంటే, దీన్ని పక్కన పెట్టి హాలు రైఫిల్ ఇస్తాం. ఇంతకీ ఎవరు?"

"నేనే సార్" అంది మళ్లీ.

గాలిగారు ఇస్త్రీ చొక్కా సవరించుకున్నాడు. పక్కనున్నావిడ ఆయన వైపు చూస్తోంది. లేచి ఒక్కమాట అంటే చాలు. కానీ ఆ మాట ఆయన ఇన్నేళ్లలో ఎవరితోనూ అనలేదు, టైరు పగిలినా తప్పు రోడ్డుదే అన్నాడు. కుర్చీలోంచి లేవలేదు.

ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గించి పిల్లతోనే అన్నా, సద్దుమణిగిన హాల్లో ఆ మాటలు కుర్చీల దాకా వినిపించాయి: "నూనె కూడా తగిలింది. ఇంత ఒత్తిడిలో నూనె అంటుకుంటుందమ్మా. నింపేటప్పుడు పేలితే చెయ్యి పోయేది. పెట్టెలోంచి తీసి గురిపెట్టాక పేలితే? ఇదెక్కడుంటుంది, నీ మొహం ముందే కదా?"

అది చాలు. గాలిగారు కుర్చీలు తోసుకుంటూ వెళ్లి బల్ల ముందు నిలబడ్డాడు.

"నేనండీ. దానికి తెలియకుండా కొట్టాను. వద్దని ఎన్నోసార్లు చెప్పింది. నాకు... నాకు ఇది తెలియదండీ."

హాల్లో ఎవరో నవ్వారు. ఆయనకు సిగ్గుతో చెవులు మండాయి, అయినా కదల్లేదు.

హాలు రైఫిల్ వచ్చింది. పక్కగదిలో పిల్ల అద్దాలు పెట్టుకుని దాన్ని తనే నింపుకుంది, మధ్యలో ఆగుతూ, నీళ్లు వదులుతూ. గాలిగారు గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని చూశాడు. ముల్లు గీత దగ్గరికి రాగానే తను ఆపేసింది. పైపులో మిగిలిన గాలి వదిలింది. అది బుస్సుమనగానే ఆయన ఉలిక్కిపడి రెండు చేతులూ చాచి ముందుకురికాడు.

పిల్లకి నవ్వొచ్చింది. "గాలి చప్పుడుకి నువ్వు భయపడ్డావా నాన్నా?"

"చప్పుడుకి కాదే" అన్నాడాయన. "నీ మొహం అక్కడుంది."