రెండు ట్యాంకుల డ్యూటీ

ఉదయం ఐదింటికి జమ్మలమడుగు చేరాం. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఆ వేళకే గాలి వేడి. తొలకరి పడేలోపు గొర్రెల మందలన్నిటికీ చిటుక రోగం టీకా వేయాలి. పన్నెండు రోజుల డ్యూటీ. మొదట జమ్మలమడుగు చుట్టుపక్కల, చివర పులివెందుల వైపు.

కారులో ముగ్గురం. పశువుల డాక్టరమ్మ, కంపౌండరు మామ, తోలేదాన్ని నేను. వెనక సీట్లో టీకా మందున్న ఐసు పెట్టె. డిక్కీలో సూదులు, టీకా పడిన గొర్రె వీపున పూసే ఎర్ర రంగు, పది లీటర్ల నీళ్లు. నా సీటు కింద టైర్ల గాలి చూసే గేజీ. అది మా ఆయనది.

ఆయన ఇరవై ఏళ్లు మిలిటరీలో లారీ తోలాడు, మంచు కొండల్లో. పెన్షన్‌తో ప్రొద్దుటూరు వచ్చి ఈ పాత డీజిలు కారు కొన్నాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. మూడేళ్ల కిందట పోయాడు. కారు మిగిలింది. నాకు అక్షరాలు సగమే వచ్చు. మీటరు మీది అంకెలు మాత్రం అన్నీ వచ్చు. అప్పటిదాకా పెళ్లిళ్లకు తోలాను. ఆఫీసు డ్యూటీ పడటం అదే మొదలు.

దిగగానే డాక్టరమ్మ ఆర్డరు చెప్పింది. ఆమెది కోస్తా.

“పన్నెండు రోజులకు రెండు ట్యాంకులండి. అంతకు మించి ఆఫీసు ఇవ్వదు. ముందే అయిపోతే వేరే కారు పెట్టమన్నారు. తర్వాతి విడత కూడా ఆ కారుకే.”

“సరేమ్మా.”

“మీరు తోలితే డీజిలు ఎక్కువ అవుతుందని ఆఫీసులో ఒకటే మాట.”

“అన్నోళ్లను వచ్చి వెనక సీట్లో కూసోమనమ్మా. ఐసు పెట్టె పక్కన జాగా ఉండాది.”

డాక్టరమ్మ నవ్వేసింది. ఆ నవ్వుతో డ్యూటీ మొదలైంది.

నాలుగుంపావుకు లేచేదాన్ని. టైర్లు చల్లగా ఉండగానే గాలి చూడాలి. ఎండాకాలం టైరు పేలుతుందని మా వైపు అందరూ గాలి తగ్గిస్తారు. మా ఆయన ఒప్పుకునేవాడు కాదు. “గాలి తగ్గితేనే టైరు నలుగుతాది, కాగుతాది. ఇంజను దాన్ని ఈడ్చలేక తాగుతాది” అనేవాడు. తర్వాత ఎయిర్ ఫిల్టరు తీసి దుమ్ము దులిపేదాన్ని. సిమెంటు లారీల దారి కదా, రోజూ గుప్పెడు రాలేది. నాలుగు ముప్పావుకు బయలుదేరడం. మందలు మేతకు కదలకముందే దొడ్డి చేరాలి.

ముందు మంద సంగతి కంపౌండరు మామ ఫోనులో కనుక్కునేవాడు.

“అప్పా, మంద దొడ్లోనే ఉండాదా?”

“ఉండాది. ఎండెక్కితే నిలబడదు. బిన్నా రాండి.”

అంత తొందరగా రమ్మన్నా నేను నలభై ఐదు దాటేదాన్ని కాదు. దూరాన గొర్రెలు కనిపిస్తే అక్కడి నుంచే యాక్సిలేటరు మీద కాలు తీసేదాన్ని. బ్రేకు తొక్కిన ప్రతిసారీ అప్పటిదాకా కాల్చిన డీజిలు వృథా. మంద రోడ్డు దాటేంతసేపు ఇంజను ఆపేసేదాన్ని.

“ఏమ్మా, పెండ్లి ఊరేగింపా ఇది? మేకలు గూడా దాటిపోతాండాయి” అనేవాడు మామ.

“పోనీ మామా. వాటికి టీకా ఎయ్యల్ల, వాటికంటే ముందు పోయి ఏం జేస్తాం?”

ఆరో రోజు సాయంత్రానికి మొదటి ట్యాంకు అయింది. లెక్క సరిగ్గా ఉంది. రెండోది నింపాం. ఏడో రోజు నుంచి డీజిలు ముల్లు తొందరగా దిగసాగింది. తొమ్మిదో రోజుకు నాకు అన్నం సయించలేదు. గాలి చూశాను, సరిగ్గా ఉంది. ఫిల్టరు శుభ్రం. బ్రేకులు పట్టేశాయేమోనని చక్రాల మీద చెయ్యి పెట్టి చూశాను, కాగలేదు. కారు ఇలాగే తాగితే పదకొండో రోజే దిగిపోవాలి. మా ఆయన కారును మరో డ్రైవరు ముందు నిలబెట్టి సామాను దించాలి.

పక్కకు జరిగి కూర్చుని చూశాను. కారు వెనక భాగం నేలకు దిగి ఉంది. డిక్కీ తెరిచి చాప ఎత్తాను. కింద నాపబండలు. నున్నగా కోసినవి. ఆరు.

“మామా! యాడివి ఇవి?”

మామ కళ్లు ఐసు పెట్టె మీదకు పోయాయి. “ఈడ గనుల కాడ చవగ్గా ఇస్తాండారమ్మా. పొద్దుటికొకటి, మాపటికొకటే గదా పెట్టింది. మా మేకలు వానకు బురదలో నిలబడి గిట్టలు చెడగొట్టుకుంటాండాయి. కొట్టంలో పరుద్దామని.”

డాక్టరమ్మ పడీపడీ నవ్వింది. “పశువుల ఆసుపత్రి కంపౌండరు ఇంట్లో మేకలకే గిట్టల జబ్బా!”

ఆరూ దించేశాం. దిగిన బసలోనే గోడకు ఆనించి పెట్టాం. పదో రోజు, పదకొండో రోజు ముల్లు బుద్ధిగా నడిచింది.

పన్నెండో రోజు చివరి మంద కనుమకు అవతల, పులివెందుల వైపు. ఐదున్నరకు ముద్దనూరు దాటాం. ముల్లు ఎర్రగీతకు వేలెడు పైన. కనుమ మొదట్లో గుంత దాటుతుంటే వెనక ‘టక్’మంది. ఆపాను. చాప కింద ఒక బండ.

“బాగుండాదమ్మా, నున్నగా. దీన్ని ఇడ్సలేకపోతిని.”

“దించు మామా.”

“ఒక్కటేనమ్మా!”

“ఒక్కటే ఎంత తాగుతాదో నాకూ తెలుసు. ఆర్డరు ఆర్డరే.”

“ఈడ పెడితే ఎవుడన్నా ఎత్తుకపోతాడు.”

“అయితే నువ్వూ దిగు.”

దిగాడు. బండను భుజానికెత్తుకుని నిలబడ్డాడు. డాక్టరమ్మ నోరు తెరిచి చూస్తూనే ఉంది. నేను కదిలాను. ఎక్కుడు మొదలైంది. యాక్సిలేటరు మీద కాలు గుడ్డు మీద పెట్టినట్టు పెట్టాను.

మూడో మలుపులో వెనక హారను మోగింది. అద్దంలో ఒక మోటారు సైకిలు. తోలేది ఎవరో గొర్రెల కాపరి. వెనక కంపౌండరు మామ, ఒళ్లో నాపబండ. పక్కకు వచ్చారు.

“అమ్మా! మంద ఆపి పెడతా, నిదానంగా రా!”

రెండు చేతులూ బండకే సరిపోయాయి. గడ్డం ఎత్తి సెల్యూట్ కొట్టాడు. దాటిపోయాడు.

“పట్టుకోండమ్మా, పట్టుకోండి!” డాక్టరమ్మ సీటులో ఎగురుతోంది. నాకూ ఆ ఊపు ఒళ్లంతా పాకింది. కాలు మాత్రం కదల్లేదు.

కనుమ తలమీదికి వచ్చాక దిగుడు. ఇక్కడే మా వాళ్లంతా న్యూట్రల్ చేసి జారుస్తారు, డీజిలు మిగులుతుందని. మా ఆయన తిట్టేవాడు. గేరులోనే ఉంచి కాలు తీసేశాను. చక్రాలే ఇంజనును తిప్పాయి. కారు చుక్క డీజిలు అడగకుండా, బ్రేకుల మీద పడకుండా కిందికి దిగింది.

దొడ్డి దగ్గర మంద నిలబడి ఉంది. వాకిట్లో అడ్డంగా కంపౌండరు మామ, తన బండ మీద కూర్చుని. తొమ్మిదింటికల్లా అన్ని వీపులూ ఎర్రబడ్డాయి.

మధ్యాహ్నం రెండింటికి ప్రొద్దుటూరు. ముల్లు ఎర్రగీత మీద నిలిచింది, గీత దాటలేదు. డాక్టరమ్మ వంగి చూసింది. ఆఫీసుకు ఫోను చేసి ఒకే మాట చెప్పింది.

“వచ్చే విడత మైదుకూరు వైపు కదండి? ఇదే కారు. ఈవిడే.”

గేజీని గుడ్డతో తుడిచి సీటు కింద పెట్టాను. అప్పటినుంచి చాలా విడతలు తిరిగాను. ఏ ఎక్కుడు ఎక్కుతున్నా కన్ను అద్దం మీదికి పోతుంది. బండను బిడ్డలా ఒళ్లో పెట్టుకుని, గడ్డంతో సెల్యూట్ కొడుతూ, కంపౌండరు మామ నన్ను దాటిపోతుంటాడు. నేను నలభై ఐదు దాటను.