భవతోష్ దాదా రక్తనాళాల అరుగు

మా శ్యాంబజార్ సందులో భవతోష్ సమద్దార్ దాదా కంటపడ్డవాడెవడూ విటమిన్ మాత్ర మింగకుండా ఇల్లు చేరిన దాఖలా లేదు. పెళ్లికి వెళ్తున్న వరుడి కారు ఆపి, అద్దం దింపించి, నోట్లో మాత్ర వేసి పంపిన ఘనుడాయన. రైల్వే ఉద్యోగం నుంచి రిటైరయ్యాడు గాని, మా రక్తనాళాల ఉద్యోగం నుంచి రిటైరవలేదు.

"రక్తనాళమంటే ఏమనుకున్నావురా? మన సందులో మురుగ్గొట్టమే. పట్టించుకోకపోతే పూడిపోతుంది" అనేవాడు. ఈ మాట వేడి వేడి లూచీలు, అదే మైదా పూరీలు, తింటున్నవాడి పక్కన కూర్చుని చెప్పడం ఆయనకు మరీ ఇష్టం.

మాత్ర కావాలంటే పొద్దున్నే ఆయన అరుగెక్కాలి. చొక్కా చెయ్యి మడిచి, బీపీ పట్టీ చుట్టించుకోవాలి. ప్రెషర్ చూడందే ఏ రంగు మాత్రో ఎలా తెలుస్తుందనేవాడు. ఎర్ర మాత్ర వచ్చినవాడు పార్కు చుట్టూ తిరిగొచ్చాకే మింగాలి. ప్రెషర్ మరీ ఎక్కువుంటే, "ముందు డాక్టరు మాత్ర వేసుకురా. ఒంటరిగా వెళ్తే నా మాత్రకు భయం" అని తరిమేవాడు. ఉత్తినే వచ్చే మందంటే మావాళ్లకు ప్రాణం. అరుగు ముందు క్యూ వీధి మలుపు దాటేది.

దుర్గాపూజ పందిట్లో ఆ క్యూకు గండిపడింది. ఉపన్యాసం ఇవ్వడానికొచ్చిన కుర్ర గుండె డాక్టరు లాహిరీ, "ఒంట్లో లోటు లేనివాళ్లు విటమిన్లు మింగితే గుండెపోటు ఆగుతుందని ఏ పరిశోధనలోనూ తేలలేదు" అన్నాడు. పందిరంతా భవతోష్ దాదా వైపు తిరిగింది.

"ఇన్నాళ్లూ మాకు సుద్దముక్కలు మేపావా దాదా?" అని మిఠాయి కొట్టు నిరాపద కుండూ పొట్ట పట్టుకు నవ్వాడు.

మర్నాడు అరుగు బోసిపోయింది. ఆ మర్నాడూ అంతే. దాదా పట్టీ చేత్తో పట్టుకుని వీధి చివరికి చూస్తుంటే నాకు జాలేసింది.

"పరువుదేముంది దాదా, మళ్లీ వస్తుందిలే" అన్నాను.

"పరువెవడిక్కావాలిరా? నిరాపద రాలేదు. పోయినవారం వాడి ప్రెషర్ చూసి నాకే కళ్లు తిరిగాయి. డాక్టరు దగ్గరికెళ్లరా అంటే పూజ అమ్మకాలయ్యాక అన్నాడు. పద."

కొట్లో నిరాపద మమ్మల్ని చూడగానే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నా రక్తనాళాలు బానే ఉన్నాయి, వెళ్లు దాదా."

"నాళాలకని ఎవడన్నాడు? ఇది వేళ్లకు పట్టే విటమిన్. రసగుల్లా దూదిలా వస్తుంది. నీకొద్దంటే ఎదురుకొట్టు వాడికిస్తా."

నిరాపద చెయ్యి ఎప్పుడు చాచాడో నేను చూడనేలేదు. "రెండు చేతులూ చూడు దాదా. పొద్దుట్నుంచి ఎడంచెయ్యి మొద్దుబారి, రసగుల్లాలు జారిపోతున్నాయి. దానిక్కూడా పనిచేస్తుందా?"

పట్టీ బిగించిన దాదా మొహం పాలిపోయింది. ఆయన అంత వేగంగా పరిగెత్తగలడని ఆరోజే తెలిసింది. నడిరోడ్డు మీద చేతులు చాపి టాక్సీ ఆపాడు. డ్రైవరు హారన్ మోత ఆపలేదు, నిరాపద గల్లాపెట్టె కోసం అరుపులు ఆపలేదు. ఆస్పత్రిలో లాహిరీ డాక్టరే చూశాడు. సరైన సమయానికి తెచ్చారని, మనిషి దక్కాడని చెప్పాక గాని మేం కూర్చోలేదు.

"విటమిన్లు పనిచేయవని నీకు తెలీదా దాదా?" అని అప్పుడడిగాను.

"ఆ కుర్రాడు పుట్టకముందే తెలుసు. నేనెప్పుడైనా ఒక్కటి మింగడం చూశావా? ప్రెషర్ చూస్తానంటే మనవాడు సందు మార్చి పోతాడు. మందిస్తానంటే చెయ్యి చాస్తాడు. నాకు కావలసింది ఆ చెయ్యేరా."

నిరాపద ఇంటికొచ్చిన రోజే వీధంతా చాటింపేశాడు. వేళ్ల విటమిన్ పేరు వింటూనే తన ప్రాణం లేచొచ్చిందట, డాక్టర్లకేం తెలీదట. తెల్లారేసరికి పక్క వీధివాళ్లు కూడా చొక్కాచేతులు మడుచుకుని క్యూ కట్టారు.

అటుగా వెళ్తున్న లాహిరీ ఆగిపోయాడు. "అయ్యా, ఆయన్ని బతికించింది విటమిన్ కాదు..." అని మొదలుపెట్టేలోగా దాదా అతని నోట్లో ఓ మాత్ర వేసేశాడు.

లాహిరీ కోపంగా చూశాడు. మడిచిన ఆ చేతుల్ని మొదట్నుంచి చివరిదాకా చూశాడు. గుటుక్కున మాత్ర మింగి, తన సంచిలోంచి మరో బీపీ పట్టీ తీసి అరుగు రెండో చివర కూర్చున్నాడు.