పొలిమేర రాయికి అవతల సరోజ

మా చిన్నప్పుడు... డిగ్రీ మొదటి ఏడాది చివర. తొంభైల మొదట్లో. పుంగనూరు దాటాక కొండ కింద జీపు ఆగిపోయింది. మందుల పెట్టెలు నెత్తిన పెట్టుకుని ఎక్కాం. పైన ఊళ్లో ఒకరోజు వైద్య శిబిరం. మదనపల్లె నుంచి ఒక డాక్టరు, ఒక నర్సు, మా కాలేజీ పిల్లలం కొందరం.

బడి వరండాలో బల్లలు వేశాం. నేను చీటీలు రాశాను. సరోజ మందులిచ్చింది. నా క్లాసే. పెద్దపంజాణి దగ్గర గొర్రెలు మేపే ఇంటి పిల్ల. మాత్ర ఎప్పుడు మింగాలో చెప్పి, వాళ్ల నోటితోనే మళ్లీ చెప్పించేది...

మధ్యాహ్నం ఒకామె ఏడాది నిండని మగబిడ్డను తెచ్చింది. వాంతులు, విరేచనాలు. కళ్లు లోపలికి పోయాయి. ఏడుస్తున్నా కన్నీళ్లు లేవు. డాక్టరు సెలైన్ పెట్టాడు. కొంచెం తేరుకున్నాక, "పెద్దాసుపత్రికి తీసుకుపోదాం," అన్నాడు.

బిడ్డ అవ్వ తల అడ్డంగా ఊపింది.

"పొద్దున్నే గంగమ్మ జాతర సాటింపు ఏసినారు సామీ. ఈ పొద్దు సీకటి పడినాక ఎవురూ ఊళ్లోకి వచ్చేది లేదు, పొలిమేర దాటి పోయేది లేదు. జాతర అయ్యేదాకా అంతే. ఇప్పుడు పోతే బిడ్డ, తల్లి బయటనే ఉండిపోతారు. ఊరికి కీడు."

డాక్టరు చాలాసేపు చెప్పి చూశాడు. తల్లి ఏడ్చింది గానీ కదల్లేదు.

"అయితే ఓఆర్‌ఎస్ నీళ్లు రాత్రీ పగలూ గుక్క గుక్కగా తాపించాల. కక్కినా ఆపకూడదు. ఉచ్చ పోస్తే గండం గడిచినట్టు. తెలిసినోళ్లు ఒకరు పక్కన ఉండాల," అన్నాడు. ఆయనకు మర్నాడు ఆపరేషన్లు. నర్సుకు ఇంట్లో చంటిపిల్ల.

"నేనుంటాను సార్," అంది సరోజ.

అవ్వ ఆమెను ఎగాదిగా చూసింది. "రేత్రి ఈడ పండుకుంటే నువ్వూ ఈ ఊరి బిడ్డవే పాపా. జాతర అయ్యేదాకా పోలేవు. తెలిసే అంటాండావా?"

"తెలుసవ్వా. మా ఊళ్లోనూ ఇంతే."

"పరీక్షలుండాయి కదా?" అన్నాను నేను.

"అవి మళ్లా రాసుకోవచ్చు లే. నువ్వు పోయి మా నాయనకు చెప్పు. సేతిలో కట్టె లేనప్పుడు సూసి చెప్పు."

చీకటి పడకముందే మేం కొండ దిగాం. మర్నాడు పొద్దున్నే వాళ్ల ఊరికి వెళ్లాను. కట్టె చేతిలోనే ఉంది. ఆయన అంతా విన్నాడు.

"దాన్ని ఆడ ఇడిసిపెట్టి నువ్వెట్ల వచ్చినావప్పా?"

కట్టె గోడకు ఆనించాడు.

"బిడ్డకెట్లుండాది?"

తెలియదన్నాను. "పద," అన్నాడు.

రాగిపిండి, ఆమె బట్టలు పట్టుకుని కొండెక్కాం. పొలిమేర రాయి దగ్గర ఆగాం. లోపలికి పోకూడదు. ఆయన మందను పిలిచే గొంతుతో, "సరోజా..." అని కేకేశాడు.

వచ్చింది. జుట్టు రేగిపోయి, నిద్రలేక కళ్లు వాచిపోయి, చేతిలో ఉగ్గుగిన్నెతో. రాయికి అవతలే నిలబడింది.

"తింటాండావా?"

"తింటాండాను నాయనా."

"బిడ్డో?"

"తెల్లారుజామున ఉచ్చ పోసినాడు నాయనా! నా ఓణీ అంతా తడిపేసినాడు!"

ఆయన నా భుజం మీద ఒక్కటి చరిచాడు. "ఇన్నావా అప్పా... నా కూతురు!"

ఆమెను 'నా' అని చెప్పుకునే హక్కు అప్పుడు నాకు లేదు. గర్వం మాత్రం ఆయనకు తీసిపోలేదు.

జాతర అయ్యాక సరోజ కొండ దిగింది. ఊరి ఆడబిడ్డకు పెట్టినట్టే రవికె గుడ్డ, గాజులు పెట్టి పంపారు. ఆ పరీక్షలు మరుసటి ఏడు రాసింది. కొన్నేళ్లకు మా పెళ్లయింది. నా ఉద్యోగం కుప్పంలో. అక్కడి నుంచి కూడా ప్రతి ఏడూ ఆ ఊరి జాతరకు చాటింపుకు ముందే వెళ్లి, అయ్యేదాకా ఉండి వచ్చేది...

ఈ ఏడూ పిలుపు వచ్చింది. సరోజ ఇక లేదని ఫోన్లో నేనే చెప్పాను. ఎప్పుడు, ఎట్లా అని అడిగారు. తర్వాత, "ఆమెకు పెట్టేది పెడతాం. నువ్వొచ్చి తీసుకోప్పా," అన్నారు. వెళ్లాను.

ఇప్పుడు ఆ కొండ మీదికి తారు రోడ్డు పడింది. పిలిస్తే అంబులెన్సు వస్తుంది. మంచిదే. ఊరు కాని ఊరి బిడ్డ కోసం అలా ఉండిపోయినవాళ్లు మీ ఇళ్లలోనూ ఉండే ఉంటారు... వాళ్ల గురించి రాయండి. ఉన్నవాళ్లయితే, ముందు వాళ్లకే చెప్పండి.