నిమ్మకాయలో నెత్తురు

నా చిన్నప్పుడు, నేను ఐదో తరగతి చదివే రోజుల్లో, భిలాయిలో మాది సెక్టర్ 7. నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి అక్కడి స్టీల్ ప్లాంటులో చేరారు. పక్క క్వార్టర్‌లో కాకినాడ వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం ఉండేది. వాళ్లమ్మాయి కాలేజీలో బీఎస్సీ చదివేది. నాకు తోడబుట్టిన ఆడపిల్లలు లేరు గనక ఆమెనే అక్కా అనేదాన్ని. ఇన్నేళ్లు గడిచినా నా మనసులో ఆమె పేరు అక్కే.

అక్క ఆదివారం పొద్దున్నే వాళ్లమ్మని సైకిల్ మీద చర్చి గేటు దాకా దింపి, తను లోపలికి వెళ్లకుండా వచ్చేసేది. మా వీధిలో అదొక పెద్ద వింత. కాలేజీలో కొంతమంది కలిసి మానవవాద విద్యార్థి సంఘం పెట్టుకున్నారనీ, అందులో అన్ని మతాల పిల్లలూ ఉన్నారనీ, వాళ్లెవరూ దేవుడికి దణ్ణం పెట్టరనీ చెప్పుకునేవారు. మా అమ్మ శనివారం ఉపవాసం తప్పని మనిషి. ఓ రోజు ఉండబట్టలేక గోడ మీంచే అడిగేసింది.

"ఏటమ్మా, మీ సంఘంలో దేవుడు లేడంటారంట?"

అక్క బట్టలు ఆరేస్తూ నవ్వింది. "ఉన్నాడో లేడో అని మేం దెబ్బలాడుకోం పిన్నీ. మనిషి ఉన్నాడు కదా, ముందు ఆ మనిషి పని చూద్దామంటాం."

ఆ జవాబు అమ్మకి ఎంతవరకు రుచించిందో తెలీదు. కానీ తర్వాతి ఆదివారం నేను అక్క సైకిల్ వెనకాల ఎక్కి కూచుంటే వద్దనలేదు.

మేం వెళ్లేది హథ్‌ఖోజ్ అవతల ఉన్న చిన్న బస్తీకి. అక్కడి చిన్నాచితకా కార్ఖానాల్లో కూలిపని చేసుకునే ఛత్తీస్‌గఢీ కుటుంబాలు అందులో ఉండేవి. సంఘం వాళ్లు అక్కడ పిల్లలకి చదువు చెప్పేవారు. ఎవరికైనా రక్తం కావాల్సి వస్తే ఆసుపత్రికి పరిగెత్తేవారు. రైల్వే కాలనీ నుంచి ఒకన్నయ్య వచ్చి లెక్కలు చెప్పేవాడు. తాతల నాటి నుంచి రైల్వేలో పనిచేస్తున్న మన తెలుగు ముస్లిముల అబ్బాయి. అతను హిందీలో మొదలుపెట్టిన వాక్యం తెలుగులో పూర్తయ్యేది.

బడి ఒక పాలావిడ వసారాలో నడిచేది. ఆమె రోజూ మా సెక్టర్‌కి వచ్చి పాలు పోసేది. అందరం బాయి అనేవాళ్లం. భర్త పోయాడు. కొడుకూ కోడలూ ఇటుక బట్టీల పనికి ఎక్కడికో వలసపోతే, నా ఈడు మనవరాల్ని తనే పెంచుతోంది. ఆ పిల్లకీ నాకూ మంచి జట్టు. దాని తెలుగుని నేనూ, నా ఛత్తీస్‌గఢీని అదీ వెక్కిరించుకుంటూ ఉండేవాళ్లం. చదువయ్యాక బాయి మాకు చిన్న గిన్నెల్లో అటుకులు పెట్టేది. దాహమంటే పొయ్యి పక్క గుండిగలోంచి గోరువెచ్చటి నీళ్లు ఇచ్చేది.

ఆ వానాకాలం బస్తీలో పిల్లలకి కామెర్లు మొదలయ్యాయి. ఒకరి తర్వాత ఒకరు, కళ్లు పచ్చబడి, అన్నం వాసనకే డోక్కుంటూ మంచాన పడ్డారు. ఒక చంటివాడు చనిపోయాడు. దాంతో జనానికి మతిపోయింది. బైగా అని వాళ్లు పిలుచుకునే మంత్రగాణ్ణి పిలిపించారు. అతను ప్రతి గుమ్మంలోనూ ఒక నిమ్మకాయ కోశాడు. అన్నిచోట్లా మామూలు రసమే కారింది. బాయి గుమ్మంలో మాత్రం ఎర్రగా నెత్తురు కారింది.

ఇక చెప్పేదేముంది, బాయి టోన్హీ అన్నారు. మన వైపు చేతబడి చేసే మనిషి అంటారు చూడండి, అదే. పైగా బస్తీ అంతటిలో జబ్బు సోకనిది ఆ ఒక్క ఇంటికే. అంతకంటే రుజువేం కావాలి? ఆమెని చేతిపంపు దగ్గరికి రానివ్వలేదు. ఎవరో విసిరిన రాయి మనవరాలి నుదుటికి తగిలింది. వచ్చే ఆదివారం పంచాయితీ పెట్టి, ఆమెని బస్తీ నుంచి వెళ్లగొట్టాలని నిశ్చయించారు.

ఈ మాట సెక్టర్‌కి కూడా పాకింది. చాలామంది ఆమె దగ్గర పాలు మానేశారు. ఒక పొద్దున బాయి నిండు క్యానుతో మా గుమ్మం ముందు నిలబడి, పాలు వద్దంటే వద్దులే, కాసిని మంచినీళ్లు పట్టుకోనిమ్మంది. వెనకాల నా స్నేహితురాలు, నుదుటికి గుడ్డ కట్టుకుని. అమ్మ ఆ గుడ్డ వైపు కాసేపు చూసింది. "ఓలమ్మ, పసిగుంటని ఎంత దెబ్బ కొట్టారే" అంటూ కుళాయి తిప్పింది. ఎప్పటిలాగే పాలు కూడా పోయించుకుంది.

నాకు మాత్రం లోపల దడ. బాయి మంచిదని తెలుసు. కానీ నిమ్మకాయలో నెత్తురు ఎలా వచ్చింది? అదే అడిగాను అక్కని. అక్క ఇంట్లోకి వెళ్లి కత్తీ నిమ్మకాయా తెచ్చి, "ఇలా చూడు" అని నా కళ్లముందే కోసింది. అక్క వేళ్ల మీంచి ఎర్రగా కారింది. నేను కెవ్వుమని అరిచి గేటు దాకా పరిగెత్తాను. అక్క కదల్లేదు. నవ్వలేదు కూడా. చెయ్యి చాపి, "రా, ఇప్పుడు నువ్వు చేద్దువు గాని" అంది.

వాళ్ల క్వార్టర్ ముందు ఎర్ర మందారం చెట్టుంది. ఇందాకటి కత్తికి తను ముందే రాసి ఉంచినట్టుగా, ఆ పువ్వుల రేకులు నా చేత ఇంకో కత్తికి గట్టిగా రుద్దించింది. ఆరాక చూస్తే కత్తి మీద ఏదో మరకలా ఉందంతే. దాంతో నిమ్మకాయ కోస్తే, పులుపు తగలగానే ఆ పువ్వు రసం చిక్కటి ఎరుపుకి తిరిగింది. నేను కోసిన నిమ్మకాయలోనూ నెత్తురు! రెండోది కోశాను, మూడోది కోశాను. ఇందాక అరిచిన నోటితోనే పగలబడి నవ్వాను. భయం పోవడమంటే ఒంట్లోంచి జ్వరం దిగినట్టుంటుందని అప్పుడే తెలిసింది.

సంఘంలో కొందరు పోలీసులకి చెబుదామన్నారట. అక్క ఒప్పుకోలేదు. పోలీసులొచ్చి వెళ్లిపోతారు, బాయి మాత్రం రేపు ఆ మనుషుల మధ్యే కదా బతకాలి అంది. రాయి పడేలా ఉంటే అప్పుడు పిలుద్దాం, ముందు మాట్లాడదాం అంది. రైల్వే అన్నయ్య వెళ్లి బస్తీ పెద్దని బతిమాలి, పంచాయితీ మొదలవకముందు మాకు కాస్త సమయం ఇప్పించాడు.

శనివారం సాయంత్రం అక్క మా ఇంటికొచ్చి, నిమ్మకాయ నా చేత కోయిస్తానంది. అమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది.

"రేపు దీన్ని కూడా టోన్హీ అంటే? ఆడపిల్లే తల్లీ!"

"నేను కోస్తే కాలేజీ చదువు మాయ అంటారు పిన్నీ. పసిపిల్ల చేతిలోనూ నెత్తురొస్తే ఆలోచనలో పడతారు. మీరు వద్దంటే వద్దు. నేనే కోస్తాను."

అమ్మ దేవుడి మూల దీపం పెట్టి వచ్చి, చీర కుచ్చెళ్లు సర్దుకుంటూ, "నానూ వస్తాను. దాని పక్కనే నిలబడతాను" అంది.

మర్నాడు పొద్దున బస్తీ అంతా పంపు దగ్గర మైదానంలో చేరింది. ఒక పక్క బాయి, మనవరాలు. వాళ్ల చుట్టూ ఎవరూ అడుగుపెట్టని ఖాళీ జాగా. బైగా ఎదురుగా చాప మీద కూచున్నాడు. పెద్దవయసు మనిషి, సన్నగా ఉన్నాడు. అక్క ముందు అతనికి నమస్కారం పెట్టింది. తర్వాత నన్ను ఆ ఖాళీ జాగాలోకి తీసుకెళ్లి బాయి పక్కన నిలబెట్టి కత్తి చేతికిచ్చింది.

కోశాను. నా మణికట్టు మీదుగా ఎర్రటి చారలు దిగాయి. జనం ఒక్కసారిగా వెనక్కి జరిగారు. "యే భీ టోన్హీ!" అంటూ, ఈ పిల్లా టోన్హీయేనని ఒక గొంతు లేచింది. అంతలో అమ్మ చెయ్యి నా భుజం మీద పడింది. అక్క సంచీలోంచి ఇంకో కత్తి తీసుకుని అమ్మ కూడా ఒక నిమ్మకాయ కోసింది. అదీ నెత్తురే. అమ్మకొచ్చిన హిందీ కూరగాయల బేరానికి సరిపోయేటంతే. ఆ కాస్త హిందీలోనే, నేనూ టోన్హీనేనా చెప్పండి అని గట్టిగా అడిగింది: "మైఁ భీ టోన్హీ? బోలో!"

నుదుట అంత బొట్టుతో, చేతినిండా గాజులతో ఉన్న మా అమ్మని ఆ మాట అనడానికి ఎవరికీ నోరు రాలేదు.

బస్తీ పెద్ద తెలివైనవాడు. మీ కత్తుల్లోనే ఏదో ఉందన్నాడు. ఇంటికి మనిషిని పంపి తన కత్తి తెప్పించి కోశాడు. మామూలు రసం కారింది. జనంలో గుసగుస మొదలైంది. అక్క కంగారుపడలేదు. నిజమే బాబా, కత్తిలోనే ఉంది, అదే చెప్పడానికొచ్చాం అంది. నా దోసిట్లో మందార పువ్వులు పోసింది. ఆయన కత్తి మీదే, అందరూ చూస్తుండగా, రేకులు నలిపి నలిపి రుద్దాను. అది ఆరేదాకా రైల్వే అన్నయ్య తువ్వాలుతో విసిరాడు. అప్పుడు పెద్ద మళ్లీ కోశాడు.

ఆయన అరచేతి నిండా ఎరుపు. కాసేపు చెయ్యి అలా తిప్పి తిప్పి చూసుకున్నాడు. చూసి చూసి, "అరే, మైఁ భీ!" అని నవ్వేశాడు. ఆ నవ్వుతో మైదానమంతా నవ్వింది. ఆడవాళ్లు నాకివ్వు నాకివ్వు అంటూ పువ్వుల కోసం మీద పడ్డారు. పిల్లలు ఒకర్నొకరు టోన్హీ టోన్హీ అని తరుముకున్నారు.

నవ్వని తల్లి ఒకామె ఉంది. ఆమె పిల్లాడు ఇంకా మంచం మీదే ఉన్నాడు. నిమ్మకాయ సంగతి సరే, మా ఇళ్లల్లో జబ్బు ఎందుకొచ్చింది, ఆ ఒక్క ఇంటికి ఎందుకు రాలేదు అని ఏడుస్తూ అడిగింది. సంఘం వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకెందుకో బాయి ఇంటి గోరువెచ్చటి నీళ్లు గుర్తొచ్చాయి. "బాయి ఇంట్లో నీళ్లు వేడిగా ఉంటాయి" అన్నాను.

అక్క గిరుక్కున నా వైపు తిరిగింది. బాయిని అడిగింది. పాల క్యాన్లు కడగడానికి రోజూ గుండిగ నిండా నీళ్లు మరగబెడతాననీ, మిగిలినవే ఇంట్లో తాగుతామనీ బాయి చెప్పింది. అక్క పంపు వైపు చూసింది. దాన్ని ఒరుసుకుంటూ పారే మురుగుకాలవ వైపు చూసింది. ఇక ఎవరూ వివరించాల్సిన పని లేకపోయింది. ఏడుస్తున్న ఆ తల్లి నేరుగా నడిచివచ్చి బాయి రెండు చేతులూ పట్టుకుంది. అంతవరకూ ఎవరూ తొక్కని ఖాళీ జాగా ఒక్క క్షణంలో మనుషులతో నిండిపోయింది. ఎవరో నన్ను ఎత్తి భుజాల మీద కూచోబెట్టుకున్నారు. పై నుంచి చూస్తే అమ్మ కళ్లు తుడుచుకుంటోంది. అక్క మాత్రం చాప మీద ఒంటరిగా మిగిలిన బైగా దగ్గర చతికిలబడి ఏదో మాట్లాడుతోంది.

ఆ సాయంత్రం నుంచి బస్తీలో ప్రతి పొయ్యి మీదా నీళ్లు మరిగాయి. జబ్బు పిల్లల్ని సంఘం వాళ్లు ఆసుపత్రికి చేర్చారు. ఆ మంచం మీది పిల్లాడు లేచి నడిచాడు. కొత్తగా ఎవరూ పడలేదు. వరసగా ఆదివారాలన్నీ విద్యార్థులూ కూలీలూ కలిసి మురుగుకాలవని దూరంగా మళ్లించారు, పంపు చుట్టూ సిమెంటు గచ్చు వేశారు. బైగా కూడా వచ్చి తట్ట మోశాడు. అతన్ని అందరి ముందూ ఎందుకు నిలదీయలేదని అక్కని అడిగాను. "అతని గురువు నేర్పింది అతను చేశాడేమో, మనకేం తెలుసు? గెలిచాక ఎవర్నీ కింద పడెయ్యకూడదే. పడేస్తే వాళ్లు మళ్లీ మన పక్కకి రారు" అంది. పంపు పని పూర్తయిన రోజు మొదటి బిందె బాయి చేత పట్టించారు. మర్నాడు మా సెక్టర్‌లో ఆమె "దూధ్!" అన్న కేక ఎప్పటికంటే రెండు వీధులు ఎక్కువ దూరం వినబడింది.

నేనిప్పుడు భిలాయిలోనే వైశాలి నగర్‌లో ఉంటున్నాను. అమ్మమ్మనయ్యాను. కాలేజీ పిల్లలు నడిపే ఒక మానవవాద సంఘంలో ముసలి సభ్యురాలిని. వాళ్లు నన్ను దాదీ అంటారు, మీటింగుల్లో టీ ముందు నాకే ఇస్తారు. ఈ మధ్య మా వీధిలో ఒక కొత్త ముఖం కనిపిస్తే, ఫోన్లలో తిరిగిన ఏదో పుకారు నమ్మి, పిల్లల్ని ఎత్తుకుపోయే మనిషని చుట్టుముట్టారు. పాతబట్టలకి స్టీలు సామాన్లిచ్చే ఆడమనిషి ఆమె. నేను కర్ర పట్టుకుని మెల్లగా వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను. నా వెనకే మా సంఘం పిల్లలూ వచ్చి నిలబడ్డారు. కాసేపటికి, ఫోను పట్టుకుని అందరికంటే ఎక్కువ అరిచినతనే ఆమెకి కుర్చీ తెచ్చి వేశాడు.

అక్క దగ్గర నేర్చుకున్న రసాయనశాస్త్రం చాలామటుకు మరిచిపోయాను. ఒక్కటి మాత్రం ఒంట్లో నిలిచిపోయింది. పదిమంది వేళ్లు ఒక మనిషి వైపు లేచినప్పుడు నా కాళ్లు నన్నడక్కుండానే ఆ మనిషి పక్కకి నడుస్తాయి. నిజమేమిటో తర్వాత తెలుసుకోవచ్చు. ముందు ఆ ఖాళీ జాగాలో ఇంకొక మనిషి ఉండాలి.