దీవి ఇంటి నక్షా

మా బాపు ఆర్కిటెక్టు. ఆయన పోయాక, హనుమకొండలో ఆయన పాఠాలు చెప్పిన కాలేజీవాళ్లు నక్షాలన్నీ తీసుకెళ్లి భద్రపరిచారు. మొన్న చూడటానికి వెళ్తే, అండమాన్ దీవుల్లో కట్టడానికి గీసిన ఇళ్ల నక్షాలు బల్లమీద పరిచారు. పాత ట్రేసింగ్ కాగితం వాసన తగలగానే నా ఆరేళ్లప్పటి సంగతి గుర్తొచ్చింది.

అప్పుడు అమ్మను దవాఖానకు తీసుకెళ్లారు. తిరిగి రాలేదు. ఎవరిని అడిగినా "దూరం పోయింది బిడ్డా" అనేవాళ్లు. బాపు మాత్రం పొద్దంతా ఆ ఇళ్లే గీసేవాడు. కర్ర స్తంభాల మీద నిలబడ్డ ఇళ్లు, చుట్టూ నీలి సిరా సముద్రం. ఒక ఇంటి వసారాలో, ఇల్లు ఎంత ఎత్తో తెలియడానికి, చీర కట్టుకున్న మనిషిని గీశాడు. అమ్మ వెళ్లిన దూరం అదేననుకున్నాను.

ఒక పొద్దున నా గౌన్లు సంచిలో పెట్టుకుని బాపు ముందు నిలబడ్డాను.

"యాడికి బిడ్డా?"

"గీ ఇంటికి. అమ్మ ఒక్కతే ఉన్నది గద బాపూ. నువ్వు సుత రా."

బాపు పెన్ను పక్కన పెట్టి నన్ను ఒళ్లోకి తీసుకున్నాడు. "గది ఉత్త బొమ్మ బిడ్డా. అమ్మ గాడ లేదు. అమ్మ సచ్చిపోయింది" అని చెప్పి ఏడ్చాడు. నాకు ఆ మాట సరిగ్గా అర్థం కాలేదు. బాపు ఏడుస్తున్నాడని నేనూ ఏడ్చాను.

ఆ మాట బాపు నోట రావడం అదే మొదటిసారని చాలా ఏళ్లకు పెద్దమ్మ చెప్పింది. నాకు చెప్పాల్సి వచ్చాకే ఆయనా నమ్మినట్టున్నాడు.