గద్వాలలో మా కొత్త కాపురం

మొన్న మా మనవడు నన్ను కంటి పరీక్షకని గద్వాలనుంచి కర్నూలు తీసుకుపోతుంటే, తుంగభద్ర వంతెన ఎప్పుడు మొదలైందో ఎప్పుడు దాటామో నాకు తెలియనే లేదు. నానమ్మా, వేరే రాష్ట్రంలోకి వచ్చేశామని వాడు నవ్వాడు. ఇదే నదిని అవతలి ఒడ్డునుంచి, పదహారేళ్ల పిల్లనై, కట్టుకున్నవాడి పక్కన రైలుపెట్టెలో కూర్చుని మొదటిసారి దాటిన పొద్దు నాకు గుర్తుకొచ్చింది. నా ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు, ఆ రోజుల్లో మా తెనాలి వైపు నైజాం అంటే పరాయి దేశమే. యుద్ధం రోజులు. ఇంజన్ల పని నేర్చుకున్న మావారికి గద్వాలలో కొత్తగా పెట్టిన వేరుశనగ మిల్లులో కొలువు దొరికిందంటే, మా అమ్మ నన్ను సముద్రం దాటిస్తున్నట్టే ఏడ్చింది.

నది దాటగానే సుంకం జవానులు బండెక్కి మా ట్రంకుపెట్టె తెరిపించి, చీరల మడతలన్నీ విప్పి చూసి, మేమెవరమో ఎందుకొచ్చామో ఉర్దూలో అడిగారు. మావారు వచ్చీరాని హిందూస్తానీలో ఏదో చెబుతుంటే నేను ఆయన చొక్కా అంచు పట్టుకుని కూర్చున్నాను. గద్వాలలో మాకు దొరికిన ఇల్లు సాలెవాళ్ల వీధిలో ఒక గదీ, ముందొక వసారా. పొద్దు పొడవక ముందే అటూ ఇటూ మగ్గాల చప్పుడు మొదలయ్యేది. బియ్యం పండగకో చుట్టాలకో వండేవారు గాని, రోజూ తినేది జొన్నరొట్టె. నేను తట్టిన మొదటి రొట్టె పెనం మీదికి చేరకముందే నాలుగు ముక్కలైతే, పక్కింటి అక్క గోడమీదుగా చూసి, నవ్వకుండా లోపలికొచ్చి, నా చేతులు తన చేతుల్లోకి తీసుకుని పిండిమీద ఆనించి తిప్పింది.

ఆమె నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. భర్త నేతగాడు, మూడేళ్ల ఆడపిల్ల. మాటాడేది తెలుగే అయినా నాకు సగం అర్థమయ్యేది కాదు, నా మాట ఆమెకూ అంతే. మొదటి వారంలో ఉప్పు కొట్టెక్కడుందని అడిగితే, ఉప్పునెందుకు కొడతావని ఆశ్చర్యపోయింది. పోనీ అంగడి ఎక్కడంటే, ఇయ్యాల అంగడి లేదు, వారానికొక్కసారే అంది. ఉప్పుకోసం వారం ఆగాల్సిన ఊరికి వచ్చిపడ్డానా అని నేను కళ్లనీళ్లు పెట్టుకున్నాక తెలిసింది, అంగడంటే అక్కడ సంత అని, నాకు కావలసిన దుకాణం వీధి చివరే ఉందని.

తొలకరి పడ్డ తరవాత ఒక పొద్దున అక్క ఉరుకులు పరుగుల మీద వచ్చి, "గత్తరచ్చింది చెల్లె" అంది. చుట్టమెవరో వచ్చారనుకుని నేను చాప పరిచి, కూర్చోమనండి అన్నాను. ఆమె పొట్ట పట్టుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, చివరికి వేలు ఆకాశం వైపు చూపింది. కలరా అని అప్పుడు తెలిసింది నాకు. నీళ్లు మరగబెట్టే తాగమనీ, లేకుంటే తమతో పాటు పొలానికి రమ్మనీ చెప్పి వెళ్లింది. ఊరు ఊరంతా ఇళ్లకు తాళాలు వేసుకుని చేలల్లో గుడిసెలకు పోతోంది.

ఆ మధ్యాహ్నమే మావారిని మిల్లునుంచి బండిలో పడుకోబెట్టి తెచ్చారు. ఆయన కళ్లు లోపలికి పోయాయి, చేతులు చల్లబడ్డాయి. దవాఖానలో చోటు లేదని, మాత్రలిచ్చి పంపారట. వీధిలో అక్కవాళ్ల బండి కదలడానికి సిద్ధంగా ఉంది. వసారాలో కూలబడి ఏడుస్తున్న నన్ను చూసి ఆమె బండి దిగింది. బావ కోప్పడ్డాడు.

"పిల్లను జూసి మాట్లాడు. వాళ్లెవరో మనమెవరో."

"ఆమెకు ఈడ ఎవరున్నరు? నువ్వు బిడ్డను తీస్కపో. రెండు దినాలకు నేనొస్త."

వచ్చి, చెంగు నడుముకు బిగించి, పొయ్యి అంటించింది. ఉప్పు వేసిన గంజి చెమ్చాతో ఆయన నోట్లో పోయడం, గుడ్డలు వేడినీళ్లలో ఉడకబెట్టడం, అన్నీ ఆమే. ఆమె చెప్పింది నేను చేశాను, అంతే. మావారు కళ్లు తెరిచి నన్ను పేరుపెట్టి పిలిచిన రోజునే అక్కకు మొదలైంది. ఈసారి గంజి పోసినది నేను. అయితే ఆమెకు నిలవలేదు. కబురందుకుని బావ వచ్చేసరికి మాట పడిపోయింది, చూపు మాత్రం ఆయన వెనక బిడ్డకోసం వెతికింది. బిడ్డను తేలేదు ఆయన. తేగూడదు కూడా. చీకటి పడకముందే అక్క పోయింది.

గత్తర తగ్గి జనం మళ్లీ ఇళ్లకు చేరుతుండగా, ఉత్తరం అందుకుని మా నాన్నగారు పరుగున వచ్చి, ఇక ఈ దేశంలో ఒక్క పూట కూడా వద్దన్నారు. సామాను కట్టాం. బావ ఒక్క నిష్ఠూరమైన మాట అనలేదు. "పోయిరాండ్రి, సల్లగుండ్రి" అని పిల్లను చంకనెత్తుకుని గుమ్మంలో నిలబడ్డాడు. తల్లి పోయినప్పటినుంచి అది ఎవరు పెట్టినా సరిగా తినడం లేదని వీధివాళ్లు అంటుండగా, దారికని చేసుకున్న రొట్టెలోంచి ఒక ముక్క తుంచి నోటికందించాను. నమిలింది. ఇంకో ముక్కకు నోరు తెరిచింది. నేను రానని మా నాన్నగారితో చెప్పేశాను. మావారిని అడగనైనా అడగలేదు, ఆయన ట్రంకుపెట్టెకు కట్టిన తాడు విప్పసాగారు.

బావ మళ్లీ పెళ్లి చేసుకోలేదు. పగలు మగ్గం ఆయనది, పిల్ల నాది. నన్ను చిన్నమ్మా అని పిలిచేది. నాకు పిల్లలు పుట్టాక కూడా వాళ్లందరికీ అదే పెద్దది. వనపర్తిలో ఇచ్చి పెళ్లి చేశాం, పిల్లాపాపలతో నిండుగా బతికింది.

ఆనాటి దేశం పోయింది, రాష్ట్రాలు కలిసి విడిపోయాయి, గత్తర అంటే ఏమిటో మా వీధి పిల్లలకు తెలియదు, తెలియకపోవడమే మంచిది. అక్కకు ఫొటో లేదు. ఆమె ముఖం గుర్తు తెచ్చుకుందామంటే ఈమధ్య సరిగా అందడం లేదు. కాని పుట్టింటివాళ్లతో ఫోనులో మాట్లాడుతూ, తెల్వదు, జర ఆగు అన్నప్పుడల్లా, నీకిది ఎవరు నేర్పారని వాళ్లు నవ్వుతారు. చెబుదామనే అనుకుంటాను. చెప్పినా ఆమెను పోల్చుకునేవాళ్లు ఇప్పుడెవరూ లేరు.